పచ్చగా ఉన్న చేను పనిచేస్తోందా? గజపతినగరం మొక్కజొన్నలో పత్రహరిత ప్రతిదీప్తి కొలత

"నీళ్లు పెడుతూనే ఉన్నాను బాబూ. పొద్దున్నే చూస్తే చేను నవనవలాడుతూ ఉంటుంది. పన్నెండు దాటిందంటే ఆకు చుట్టుకుపోతుంది. పొద్దు వాలేసరికి మళ్లీ విచ్చుకుంటుంది. తెగులైతే ఏ మందు కొట్టాలో చెప్పు, కొట్టిస్తాను."

కిందటి రబీలో, ఫిబ్రవరి రెండో వారంలో, విజయనగరం జిల్లా గజపతినగరం మండలంలోని ఒక ఊళ్లో ఒక రైతమ్మ నాతో అన్న మాటలివి. చంపావతి ఏటికి కాస్త ఎడంగా ఆమెకు ఎకరం పావు మొక్కజొన్న ఉంది. అప్పుడే జల్లు బయటికి వస్తోంది. నిజానికి నేను ఆ ఊరు వెళ్లింది ఆమె సమస్య తీర్చడానికి కాదు. పంటలను దూరం నుంచి కొలిచే పని నాది. ఉపగ్రహ చిత్రాలతో మొదలుపెట్టి, కొన్నేళ్లుగా చేలోనే నిలబడి ఆకు వెలువరించే వెలుగును కొలుస్తున్నాను. చిన్న కమతాల్లో, వెదురు గడకు కట్టిన పరికరంతో, ఆ కొలత నమ్మదగినట్టు వస్తుందా లేదా తేల్చుకోవాలన్నది అప్పటి నా ఉద్దేశం.

అందుకు మూడు చేలు ఎంచుకున్నాం. మూడింట్లోనూ ఒకే హైబ్రిడ్ విత్తనం, ఒకే వారంలో వేసింది. మొదటిది బోరు పక్కన ఉన్న గరప నేల. అంతకుముందు కూరగాయలు పండిన చేను, నీటికి లోటు లేదు. రెండోది మెరక. మోటారు కాలిపోవడంతో పన్నెండు రోజులుగా తడి లేదు. మూడోది రైతమ్మది, మాగాణి. ఖరీఫ్‌లో శ్రీకాకుళం సన్నాలు కోసి, దున్నకుండా, వరి మోళ్ల మధ్యనే మొక్కజొన్న గింజ గుచ్చారు. ఆ చేనుకు నీళ్లు సమయానికి అందుతున్నాయి కనుక, దాన్ని కూడా బాగున్న చేనుగానే లెక్క వేసుకున్నాం. మెరక చేను ఎండుతుంది, మిగతా రెండూ బాగుంటాయి, తేడా కనిపిస్తే మా కొలత సరైనదని అనుకోవచ్చు. మా పథకం అంతవరకే. ఆమె అడిగిన ప్రశ్న ఆ పథకంలో లేదు.

ఉపగ్రహ చిత్రం ముందే చూసుకుని వెళ్లాను. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో గడి పది మీటర్ల చదరం. ఎకరంలో దాదాపు నలభై గడులు పడతాయి కాబట్టి ఈ చేలు విడివిడిగా కనిపిస్తాయి. పచ్చదనపు సూచికలో మూడు చేలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో తెలియకుండా నా ముందు పెట్టి ఉంటే మెరక చేనును కూడా గుర్తుపట్టలేకపోయేవాణ్ని. ఇందులో వింత లేదు. ఆ సూచిక చూసేది ఆకులో పచ్చదనం ఎంత, ఆకుల గుబురు ఎంత అన్నదే. నీరు అందని ఆకు ఆ రోజే పచ్చదనం కోల్పోదు. ముందు పని ఆపుతుంది. రోజులు గడిచాక పాలిపోతుంది. ఆ మధ్యనున్న రోజులే రైతుకు కావలసినవి. జల్లు, పీచు దశలో మొక్కజొన్నకు ఆ రోజులు పోతే కండెలో గింజ పోయినట్టే.

ఆకు మీద పడి లోపలికి ఇంకిన ఎండకు మూడు దారులున్నాయి. ఒకటి కిరణజన్య సంయోగ క్రియ, అంటే చక్కెర తయారీ. రెండోది వేడి. ఆకు తనకు అక్కరలేని వెలుగును వేడిగా మార్చి వదిలేసుకుంటుంది. మూడోది ప్రతిదీప్తి. పత్రహరితం పీల్చిన వెలుగులో ఒకటి రెండు శాతాన్ని ఎర్రటి వెలుగుగా తిరిగి వెలువరిస్తుంది. ఈ వెలుగు సుమారు 650 నుంచి 850 నానోమీటర్ల దాకా పరుచుకుని ఉంటుంది. 685 దగ్గర ఒక శిఖరం, 740 దగ్గర మరో శిఖరం. మొదటి రెండు దారుల్లో ఏ మార్పు వచ్చినా మూడోదానిలో తెలుస్తుంది. చీకట్లోంచి వెలుగులోకి తెచ్చిన ఆకులో ఈ ఎర్ర వెలుగు ఒక్కసారిగా పెరిగి, నిమిషాల్లో తగ్గిపోవడాన్ని జర్మనీలో హన్స్ కౌట్‌స్కీ 1931లోనే నమోదు చేశాడు.

ఊళ్లో నలుగురికీ ఇది మాటల్లో చెబితే ఎక్కలేదు. ఆ సాయంత్రం రైతమ్మ ఇంటి అరుగు మీద ఒక పని చేశాం. మొక్కజొన్న ఆకును రోట్లో నూరి, మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో కలిపి, గుడ్డతో వడగట్టి గాజు గ్లాసులో పోశాం. గోంగూర తెస్తామన్నారు గానీ వద్దన్నాను. దాని పులుపు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఊడబెరుకుతుంది. ఉడికిన గోంగూర పచ్చరంగు పోయి మట్టిరంగుకు తిరిగేది అందుకే. దీపం ఆర్పి, దొంగనోట్లు పట్టే ఊదారంగు టార్చి వేస్తే గ్లాసులోని పచ్చటి నీళ్లు నెత్తురులా ఎర్రగా వెలిగాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. "ఇది ఆకులో ఉన్నప్పుడు ఎందుకు కనిపించదు?" అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. ఆకులో ఉన్నప్పుడు పత్రహరితం ఒక యంత్రంలో బిగించిన చక్రం. దానికి అందిన శక్తిలో ఎక్కువ భాగం పనికి పోతుంది. స్పిరిట్‌లో యంత్రం లేదు, చక్రం ఒక్కటే ఉంది. చేయడానికి పని లేక ఆ శక్తిలో సుమారు 30 శాతం వెలుగుగా బయటికి వచ్చేస్తుంది.

ఆకులోంచి వచ్చే ఆ కాస్త వెలుగును పట్టపగటి ఎండలో కొలవడమే కష్టం. పగలు వెలిగించిన దీపం కనిపించదు. దాన్ని చూడాలంటే చీకటి గది కావాలి. ఆ గదిని గాలే ఇస్తోంది. వాతావరణంలోని ఆక్సిజన్ 760 నానోమీటర్ల దగ్గర ఎండను మింగేస్తుంది. అందువల్ల నేలకు చేరిన సూర్యకాంతి వర్ణపటంలో అక్కడ ఒక లోతైన గొయ్యి ఉంటుంది. ఆకు సొంత వెలుగు ఆ గోతిలో పడి దాన్ని కొద్దిగా పూడుస్తుంది. సొంత వెలుగు లేని తెల్లటి పలక మీద గొయ్యి ఎంత లోతుందో, ఆకు మీద ఎంత లోతుందో పోల్చి చూస్తే ఆ పూడిక ఎంతో తేలుతుంది. 1975లో ప్లాసిక్ ఈ పద్ధతికి లెక్క కట్టాడు. ఇప్పటికీ దానికి పునాది అదే.

లెక్క చేసి చూపిస్తాను. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు, చేలో వచ్చినవి కావు. పలక మీద గోతి బయట 380, గోతి లోపల 80. చేను మీద బయట 172.5, లోపల 37.5. బయటి పలక విలువను లోపలి చేను విలువతో గుణించాలి: 14,250. లోపలి పలక విలువను బయటి చేను విలువతో గుణించాలి: 13,800. తేడా 450. దాన్ని పలక విలువల తేడా అయిన 300తో భాగిస్తే 1.5. అదే ప్రతిదీప్తి. ఇప్పుడు లోపలి చేను విలువలో ఒక్క శాతం తప్పు జరిగిందనుకోండి. 37.5 బదులు 37.875 వచ్చింది. జవాబు 1.5 నుంచి దాదాపు 1.98కి ఎగబాకుతుంది. ఒక శాతం తప్పు ముప్ఫై శాతానికి పైగా పెరిగి బయటపడింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి నేను ముందు ఈ లెక్కనే చేయిస్తాను, ఎందుకంటే దీని దెబ్బ నేనూ తిన్నాను.

మొదటి రోజు ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండు దాకా కొలిచాం. నాలుగు మీటర్ల వెదురు గడ, దాని కొసన కిందికి చూస్తూ వెలుగును పెట్టెకు చేర్చే ఫైబర్ తీగ, పెట్టెలో సన్నటి వర్ణరేఖలను విడదీయగల స్పెక్ట్రోమీటర్. పైరు మీద రెండు మీటర్ల ఎత్తు నుంచి చూస్తే అది సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు వలయాన్ని చూస్తుంది. సాళ్ల మధ్య దూరం 60 సెంటీమీటర్లు కనుక ఒక్క చోట కొలిస్తే ఒకటిన్నర సాలు మాత్రమే పడుతుంది. అందుకని చేనుకు పన్నెండు చోట్ల కొలిచాం. మధ్యాహ్నపు విలువలు మూడు చేలలోనూ బ్రహ్మాండంగా వచ్చాయి. మెరక చేనులో కూడా. రైతమ్మ చేను ఉదయం కంటే మధ్యాహ్నమే ఎక్కువ వెలుగుతోందని పరికరం చెప్పింది. కళ్లెదుట ఆకులు చుట్టుకుని ఉన్నాయి. తెరమీద అంకె పెరుగుతోంది. ఆ అంకెను నమ్మి, "మీ చేనుకేమీ కాలేదమ్మా" అని చెప్పబోయాను.

చెప్పకముందు ఫైబర్‌ను గట్టు మీదికి తిప్పాను. ఎండిన మట్టి, గడ్డిపరక కూడా లేదు. పత్రహరితం లేని చోట ప్రతిదీప్తి సున్నా రావాలి. మట్టి కూడా వెలుగుతోందని వచ్చింది.

తప్పు నాదే. కాంతి ఏమీ పడనప్పుడు కూడా పరికరం కొంత విలువ చూపిస్తుంది. దాన్ని చీకటి విలువ అంటాం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మూత పెట్టి ఒక్కసారి తీసుకుని, రోజంతా అదే తీసివేస్తూ వచ్చాను. మధ్యాహ్నానికి ఎండలో పెట్టె వేడెక్కి చీకటి విలువ పెరిగిపోయింది. గోతి లోపలి వెలుగు తక్కువ కాబట్టి ఆ పెరుగుదల అక్కడే ఎక్కువ చెరుపు చేసింది. మట్టికీ మొక్కకూ ఒకేలా దొంగ వెలుగు అంటగట్టింది. ఆ రోజు కొలిచినవన్నీ పక్కన పెట్టేశాం. మర్నాటి నుంచి పెట్టె మీద గొడుగు, దానిమీద తడి గోనెసంచి. ప్రతి కొలతకూ ముందు మూత పెట్టి చీకటి విలువ. ప్రతి చేనుకూ ముందూ వెనకా గట్టు మట్టి మీద సున్నా పరీక్ష. సున్నా రాకపోతే ఆ చేను మళ్లీ మొదటి నుంచి. పని రెట్టింపైంది, కానీ అప్పటి నుంచి వచ్చిన అంకెలకు నేను పూచీ పడగలను.

తర్వాతి మూడు రోజులు ఆకాశం నిర్మలంగా ఉంది. ఉత్తరాంధ్రలో ఫిబ్రవరి ఈ పనికి దేవుడిచ్చిన నెల. వానాకాలం వరిలో ఇదే కొలత పెట్టుకుంటే మబ్బులతోనే రోజు గడిచిపోతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. మన గడియారానికి ఆధారమైన రేఖాంశం విజయనగరానికి పడమటగా, బాగా దగ్గరలోనే పోతుంది. కనుక గడియారపు వేళకూ సూర్యుడి వేళకూ తేడా తక్కువ. ఆ వారంలో సూర్యుడు శిఖరానికి చేరింది సుమారు 12 గంటల 10 నిమిషాలకు.

మూడు చేలు మూడు కథలు చెప్పాయి. బోరు పక్క చేనులో ఎండతో పాటు ప్రతిదీప్తి పెరిగి, సూర్యుడు శిఖరానికి చేరిన వేళకు తానూ శిఖరానికి చేరి, ఎండతో పాటే దిగింది. మెరక చేనులో పొద్దుటి నుంచే తక్కువ, తొమ్మిదిన్నర దాటాక ఇంక పెరగలేదు. రైతమ్మ చేను పదకొండు దాకా బోరు పక్క చేనుతో భుజం కలిపి నడిచింది. రెండు గీతలను ఒకదానిమీద ఒకటి పెడితే వేరు చేయలేం. పదకొండున్నరకు ఆగింది. పన్నెండు దాటాక, ఎండ ఇంకా మండుతుండగానే, కిందికి దిగిపోయింది. ఒంటిగంటన్నరకు మెరక చేను పక్కన నిలబడింది. నాలుగింటికి మళ్లీ కాస్త కోలుకుంది. ఆమె మొదటి రోజు నాకు చెప్పిన నాలుగు వాక్యాలకు అది అచ్చమైన బొమ్మ.

ఇక్కడ ఒక అనుమానం తీర్చుకోవాలి. ఆకు చుట్టుకుంటే అది పీల్చే వెలుగే తగ్గుతుంది. ప్రతిదీప్తి తగ్గింది ఆకు పని ఆపినందుకా, చుట్టుకున్నందుకా? పీల్చుకున్న వెలుగుతో భాగించి చూస్తే పడిపోవడంలో కొంత భాగం చుట్టుకోవడం వల్లనే అని తేలింది. కానీ మిగతా భాగం నిలిచే ఉంది. అది చాలదనిపించి, ఆకుకు క్లిప్పులా తగిలించి ప్రతిదీప్తి కొలిచే చిన్న ఫ్లోరోమీటరుతో ఒక్కో ఆకును విడిగా చూశాం. తెల్లవారకముందు చీకట్లో కొలిస్తే మూడు చేలలోనూ ఆకు గరిష్ఠ పని సామర్థ్యం చెప్పే విలువ 0.8 దగ్గర ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఆకుకు ఉండవలసింది అదే. అంటే యంత్రం చెడలేదు. తెగులు తిన్నది కాదు, కత్తెర పురుగు కొరికింది కాదు. అవే ఆకులను ఒంటిగంటకు, వంచకుండా చదునుగా పట్టుకుని, వెలుగులో కొలిస్తే ఆమె చేనులో పని సామర్థ్యం పడిపోయి కనిపించింది. ఆకు తన రంధ్రాలు మూసుకుని, ఎండను వేడి దారికి మళ్లించేసింది. అలా మళ్లించినప్పుడు, ఎండ తీవ్రంగా ఉన్న వేళల్లో, చక్కెర తయారీ, ప్రతిదీప్తి రెండూ కలిసే తగ్గుతాయి. ఉదయపు నీరెండలో ఈ సంబంధం తిరగబడవచ్చు. అందుకే ఏ వేళ కొలిచామన్నది రాయని ప్రతిదీప్తి అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

మరి నీళ్లున్న చేను మధ్యాహ్నం దాహంతో ఎందుకు మూసుకుపోతోంది? అది ఏ పరికరమూ చెప్పదు. గునపం తెప్పించాం.

రెండు మొక్కల మధ్య తవ్వితే పై జానెడు మట్టి తడిగా, మెత్తగా వచ్చింది. ఆ కింద గునపం ఖంగుమంది. రైతమ్మ తమ్ముడు రెండోసారి బలంగా వేస్తే చేతులు అదిరాయి గానీ పెళ్ల లేవలేదు. నీళ్లు పోసి, కొడవలి మొనతో మట్టి రాల్చి, ఒక మొక్కను వేళ్లతో సహా బయటికి తీశాం. వేళ్లు జానెడు లోతు దాకా నిటారుగా దిగి, అక్కడ మోచేయి వంచినట్టు వంగి, పక్కలకు చాపలా పరుచుకున్నాయి. ఒక్క వేరు కూడా ఆ పొరను దాటలేదు. ఏళ్ల తరబడి వరికి పట్టిన దమ్ము, దానిమీద ట్రాక్టరు బరువు కలిసి పోసిన గట్టి పొర అది. వరికి అది వరం, నీటిని నిలబెడుతుంది. అదే పొర మొక్కజొన్నకు పళ్లెమైంది. ఆ పళ్లెంలోని నీళ్లు పొద్దుటి ఎండకు సరిపోతాయి, నడిమధ్యాహ్నపు గిరాకీకి చాలవు. బోరు పక్క చేనులో కూడా ఒక మొక్క తవ్వి చూశాం. వేళ్లు మోకాలి లోతు దాటి దిగాయి.

రైతమ్మ ఆ వేళ్లను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మందుతో పోయేది కాదన్నమాట" అంది.

ఆ పంటకు చేయగలిగింది తక్కువే. తడికీ తడికీ మధ్య వ్యవధి సగానికి తగ్గించి, ఒక్కో తడిలో నీళ్లు తగ్గించమన్నాను. మొత్తం నీరు పెరగలేదు, పళ్లెం ఎండకుండా చూశాం. మిగిలిన యూరియాను ఒకేసారి వేయకుండా రెండుగా విడదీశాం. సాళ్ల మధ్య వరిగడ్డి పరిచారు. వారం తర్వాత మళ్లీ గడ ఎత్తితే, మధ్యాహ్నపు పతనం ఒంటిగంట దాకా వాయిదా పడింది, లోతూ తగ్గింది. పూర్తిగా పోలేదు. కోతల్లో ఆమె కండెలు చాలావరకు నిండాయి, కొన్నింటి కొసన రెండు మూడు వేళ్ల మేర గింజ పట్టలేదు. బోరు పక్క చేను కండెలు కొస దాకా నిండాయి. మెరక చేను సంగతి రాయడానికి మనసు రావడం లేదు. మోటారు బాగయ్యేసరికి పీచు దశ దాటిపోయింది.

ఇదంతా ఉపగ్రహంతో చేయలేమా అని చాలామంది అడుగుతారు. 2011లో జపాన్ ఉపగ్రహం గోశాట్ కొలతల నుంచి ప్రపంచ ప్రతిదీప్తి పటాలు వచ్చాయి. తర్వాత అమెరికా వారి ఓకో-2, ఐరోపా వారి సెంటినెల్-5పి మీద ఉన్న ట్రోపోమి ఆ పనిని ముందుకు తీసుకెళ్లాయి. ట్రోపోమి గడి అతి చిన్నదైనా 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. అంటే సుమారు 4,750 ఎకరాలు. ఆ ఊరి మూడు చేలు, చెరువులు, మామిడి తోటలు, తాటి వనాలు, పక్క ఊళ్లు అన్నీ ఒకే చుక్కలో కలిసిపోతాయి. జిల్లా మొత్తానికి కరువు వస్తోందా అన్న ప్రశ్నకు అది చక్కటి సాధనం. రైతమ్మ ప్రశ్నకు కాదు. ప్రతిదీప్తి కోసమే రూపొందించిన ఐరోపా వారి ఫ్లెక్స్ ఉపగ్రహపు గడి 300 మీటర్లు, దాదాపు 22 ఎకరాలు. మన కమతాలకు అదీ పెద్దదే, కానీ ఒక మాగాణి ప్రాంతాన్ని విడిగా చూడగలదు.

గడి పరిమాణం కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేళ. పచ్చదనం చూపే సెంటినెల్-2 మన మీదుగా పోయేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఫ్లెక్స్ కక్ష్య ఉదయం పది గంటలది. ఆ వేళకు రైతమ్మ చేను, బోరు పక్క చేను కవలలు. తేడా తెలిసేది ఒంటిగంటన్నరకు. ఆ వేళకు వచ్చే ఓకో-2, ట్రోపోమిల గడులు ఊళ్లకు ఊళ్లను మింగేసేంత పెద్దవి. అందుకే ఇప్పటికి గడ పట్టుకుని చేలోకి దిగక తప్పడం లేదు. డ్రోనుతో చేయవచ్చు, అయితే పైరుకూ పరికరానికీ మధ్య ఉన్న గాలిలోని ఆక్సిజన్ కూడా గొయ్యిని లోతు చేస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఆ సవరణ తప్పనిసరి. అది చేయకుండా గీసిన రంగుల పటాలు నా చేతికి వచ్చాయి. వాటిలో పొలాలు అందంగా కనిపిస్తాయి, అంతే.

ఇంకో జాగ్రత్త మొక్కజొన్న వాళ్లకు ముఖ్యం. అట్రజిన్ అనే కలుపు మందు కొట్టిన చేలో కలుపు ఇంకా చావకముందు కొలిస్తే ప్రతిదీప్తి ఎక్కువగా రావచ్చు. ఆ మందు కిరణజన్య సంయోగ క్రియలో ఎలక్ట్రాన్ల దారిని మూసేస్తుంది. పనికి పోవలసిన శక్తి వెలుగుగా బయటపడుతుంది. మొక్కజొన్న ఆ మందును విరిచేసుకుంటుంది, కలుపు విరుచుకోలేదు. చచ్చిపోతున్న కలుపు ఎక్కువ వెలగడం చూసి చేను బలంగా ఉందనుకుంటే ఎంత పొరపాటో ఆలోచించండి.

వేసవిలో లోతు దుక్కి చేయించుకోమని ముందు చెప్పాను. రైతమ్మ ఒప్పుకోలేదు, ఆమె మాటలో న్యాయం ఉంది. "పొర చీలిస్తే వానాకాలం నీళ్లు నిలుస్తాయా బాబూ? వరి పోతే తిండి ఎక్కడిది?" చాలాసేపు మాట్లాడుకున్నాక ఒక దారి తేలింది. చేనును అడ్డంగా రెండు చేసింది. ఎగువ సగంలో మే నెల వానకు ఉలి నాగలితో పొర చీల్చి, దమ్ము పట్టకుండా వెద వరి చల్లింది. దిగువ సగంలో ఎప్పటిలాగే దమ్ము, నాట్లు. రెండు సగాల్లోనూ వరి కోసి మొక్కజొన్న వేస్తుంది. మధ్య గట్టు మీద నాలుగు మీటర్ల గడ నిలబెట్టడానికి చోటు ఇప్పటికే వదిలి పెట్టింది. ఫిబ్రవరిలో ఒంటిగంటన్నరకు రెండు వైపులా కొలుస్తాం.